‘అ’ తీసేసిన ద్రవం

“ఇందుమూలముగా యావన్మందికీ తెలియజేయడమేమనగా, ఈ ఉదయం నుంచి ఈ సంస్థలో అందరూ సమానులే! ఇంకా ఎవరైనా అసమానులుగా మిగిలిపోయి ఉన్నచో, సాయంత్రం ఆఫీసు మూసేలోగా పరిపాలనాధికారి గారి ఎదుట హాజరై సరిచేయించుకోవలెను!”

పదార్థ పరిశోధనా సంస్థ నోటీసు బోర్డు మీద ఈ సర్క్యులరు వెలిసిన రోజు సిబ్బంది గుండెలు ఉప్పొంగిపోయాయి. డైరెక్టరు గారు స్వహస్తాలతో సంతకం చేసిన సర్క్యులరు అది. సంతకం కింద ఆయన హోదా, హోదా కింద చదువులు, చదువుల కింద బిరుదులు, బిరుదుల కింద ఆయన సభ్యులుగా ఉన్న సంఘాల పేర్లు అచ్చేయాల్సి వచ్చింది. చోటు చాలక సమానత్వం గురించిన ముక్కను కొంచెం చిన్న అక్షరాల్లో సర్దారు. గేటు మీద ‘సమానతా సంవత్సరం’ అని పెద్ద బ్యానరు కట్టారు.

వెంటనే పనులు మొదలయ్యాయి. ముందుగా కుర్చీలు. ఇన్నాళ్లూ హోదాను బట్టి కొందరివి ఎత్తుగా, కొందరివి పొట్టిగా ఉండేవి. ఎంత అన్యాయం! వడ్రంగిని పిలిపించి అన్నింటి కాళ్లూ ఒకే కొలతకు కోయించారు. డైరెక్టరు గారి కుర్చీ జోలికి మాత్రం వెళ్లలేదు. మిగతావి దానికంటే ఎంత పొట్టిగా ఉండాలో తెలియాలంటే అదొక్కటైనా అలాగే ఉండాలి కదా! లిఫ్టు కూడా అందరిదీ అన్నారు. అందుకని ఆయన ఎక్కి దిగేదాకా అందరూ బయట సమానంగా నిలబడేవారు. క్యాంటీనులో అందరికీ ఒకే రకం కప్పు పెట్టారు. ఆయన కప్పు కింద సాసరు ఉన్న మాట నిజమే కానీ, సర్క్యులరులో సాసర్ల ప్రస్తావన లేదు.

ఈ పనులన్నీ భుజాన వేసుకుని నడిపించినవాడు పరిపాలనాధికారి. క్లుప్తంగా ఏఓ గారంటారు. ఆయన వెనక మాత్రం అందరూ సర్క్యులరయ్య అనే అంటారు. సర్క్యులరులో ఉన్నది ప్రపంచంలో లేకపోతే ప్రపంచానికి మెమో ఇవ్వగల మనిషి.

ఇంత హడావుడి జరుగుతుంటే సంస్థ నేలమాళిగలో ఒకావిడ తలుపేసుకుని సీసా ముందు కూర్చుని ఉంది. గాజు మీద పరిశోధన చేస్తుంది కాబట్టి ఆవిణ్ని గాజమ్మ అనేవారు. కోపం వస్తే ఏఓ గారు మొదటి అక్షరం మార్చి పిలిచేవారు. ఆవిడ తాత్కాలిక ఉద్యోగి. ఏటేటా గడువు తీరడం, ఏటేటా పొడిగించడం. ఈ ఏడాది మాత్రం సంగతి తేలిపోవాలని పైనుంచి ఉత్తరువు వచ్చింది. రిపోర్టు ఆమోదం పొందితే ఉద్యోగం పర్మినెంటు. లేకపోతే ఆవిడ ఇంటికి, సీసాలోని ద్రవం మోరీలోకి.

ఆ ద్రవం కథ కొంచెం చెప్పుకోవాలి. నీళ్లను చల్లబరిస్తే అణువులన్నీ వరసలు కట్టి ఐసుగడ్డ అయి కూర్చుంటాయి. అది అందరికీ తెలిసిన మర్యాద. కానీ కొన్ని ద్రవాలను కదపకుండా, జాగ్రత్తగా చల్లబరిస్తే వరస కట్టాల్సిన చోట కట్టకుండా తప్పించుకుని ఇంకా చల్లబడతాయి. చిక్కబడతాయి, తేనెలా అవుతాయి, జిగురులా అవుతాయి, చివరికి ఎక్కడివక్కడ నిలిచిపోతాయి. అదే గాజు. ఎందుకు నిలిచిపోయాయంటే మాత్రం ఎవరూ చెప్పలేరు. పారే ద్రవాన్నీ, నిలిచిపోయిన గాజునూ పక్కపక్కన పెట్టి చూస్తే లోపలి అమరికలో పెద్ద తేడా ఏమీ కనపడదు.

గాజమ్మకు కనపడింది. ఆ ద్రవం గాజు కాబోయే ముందు, దాన్ని చిన్న బిడ్డను ఊపిరి తగలకుండా పడుకోబెట్టినట్టు చూసుకుంటూ, లోపలికి కిరణాలు పంపి, నెలల తరబడి లెక్కలు కట్టింది. పైకి అంతా ఒకటేలా ఉన్న ద్రవంలో లోపల అంతా ఒకటి కాదు! ఒకచోట అణువులు ఒత్తుగా కూటాలు కట్టి కదలకుండా కూర్చున్నాయి. ఆ పక్కనే వదులుగా ఉన్నవి హడావుడిగా తిరుగుతున్నాయి. ఈ సంగతి తేలిన రోజు ఆవిడ ఆనందం పట్టలేక సీసాకే చెప్పుకుంది. చెప్పుకోవడానికి నేలమాళిగలో ఇంకెవరున్నారు?

ఇంట్లో ఉన్నది అత్తగారు, భర్త. భర్త బోర్డులు రాసే పెయింటరు. గేటు మీది సమానత అతని చేతి చలవే. అత్తగారు మంచిదే కానీ తొందర మనిషి. కోడలు ఉద్యోగంలో చేరిన వారానికే వీధి వీధంతా తిరిగి “మా కోడలిది పర్మినెంటు ఉద్యోగం” అని చాటి వచ్చింది.

“అప్పుడే ఎందుకు చెప్పారత్తయ్యా? ఇంకా కాలేదు కదా!” అంది గాజమ్మ లబలబలాడుతూ.

“ఇవాళ కాకపోతే రేపవుతుంది. నేను చెప్పాల్సింది చెప్పాను, నువ్వు చేయాల్సింది నువ్వు చెయ్యి. నా మాట మాత్రం పోనీకు తల్లీ” అంది అత్తగారు. అప్పట్నుంచీ గాజమ్మ వీధిలో పర్మినెంటుగా నడుస్తూ, ఆఫీసు గేటు దాటగానే తాత్కాలికంగా మారిపోతూ ఉండేది.

రిపోర్టు పట్టుకుని ఆవిడ ఏఓ గారి గదికి వెళ్లింది.

“ఏంటి మేడమ్ ఇది?”

“రిపోర్టండి.”

“అది కనపడుతూనే ఉంది. అట్ట మీద ఈ మాటేంటి?”

“‘అతిశీతల ద్రవాలలో అణువుల అమరిక: నిర్మాణ అసమానతలు’ అండి.”

ఏఓ గారు గబుక్కున లేచి తలుపు వేసి వచ్చారు. “మెల్లగా మేడమ్, మెల్లగా! సమానతా సంవత్సరంలో, ఆఫీసు వేళల్లో, ఆఫీసు కాగితం మీద అసమానతా!”

“సంస్థలో కాదండి. సీసాలో.”

“సీసా ఎవరిది?”

“సంస్థదే.”

“అందులో ద్రవం ఎవరు కొన్నారు?”

“సంస్థే కొందండి.”

“మరింకేం! సర్క్యులరు యావన్మందికీ వర్తిస్తుంది. అణువులకు వర్తించదని ఎక్కడైనా రాశామా? రాయలేదు. అంటే వర్తిస్తుందనే!”

 గాజమ్మ చదువుకున్న చదువులో ఈ వాదానికి జవాబు లేదు.

ఏఓ గారు మెత్తబడ్డారు. “చూడండి, నేను మీకు శత్రువును కాను. పెద్ద మార్పేం అక్కర్లేదు. ఒక్క అక్షరం. ఆ ‘అ’ తీసేయండి. ‘నిర్మాణ సమానతలు!’ ఎంత హాయిగా ఉందో చూడండి చదవడానికి.”

“అ తీసేస్తే అర్థం తిరగబడుతుందండీ!”

“అర్థం ఆడిటులో అడగరు మేడమ్. అక్షరాలే అడుగుతారు.”

“అలా అనుకుంటే మీ హోదాలోనూ, అధికారి అనే మాట మొదట్లో...” అంటూ గాజమ్మ నాలుక కరుచుకుంది. అప్పటికే ఆలస్యమైంది. ఏఓ గారు ఆ అక్షరాన్ని మనసులోనే తీసి చూసుకున్నట్టున్నారు, ముఖం కందగడ్డ అయింది. ఆవిడ పేరులో మొదటి అక్షరం మార్చి పిలిచి, బయటకు దారి చూపించారు.

‘అ తీసివేయవలెను’ అని ఎర్ర సిరాతో రాసి రిపోర్టును టైపు సెక్షనుకు పంపారు. టైపిస్టు ఆజ్ఞ జవదాటని మనిషి. ఏ ‘అ’ తీయాలో నోటులో లేదు. తనంతట తాను ఎంచుకుంటే అది స్వతంత్రించినట్టవుతుంది. అందుకని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా ఏరి ఏరి అన్నీ తీసేశాడు. ‘తిశీతల ద్రవాలలో ణువుల మరిక: నిర్మాణ సమానతలు.’ ఇది డైరెక్టరు గారి బల్ల మీదికి చేరింది. ఆయన కళ్లజోడు సవరించుకుని, ‘ణువుల మరిక’ దగ్గర చాలాసేపు ఆగి, పక్కన ‘లోతైన విషయం’ అని రాశారు. మర్నాటి నుంచి ముందుజాగ్రత్తగా సెలవు చీటీలన్నీ ‘య్యా’ అని మొదలయ్యాయి.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ సమానత అని రాసుకుంటే సరిపోతుందా? నిర్ధారించుకోవద్దూ! డైరెక్టరు గారి అధ్యక్షతన, ఏఓ గారి కార్యదర్శిత్వంలో ‘సమానతా నిర్ధారణ సంఘం’ ఏర్పడి, ద్రవాన్ని స్వయంగా తనిఖీ చేయడానికి నేలమాళిగకు దిగింది.

తలుపు దగ్గరే పేచీ వచ్చింది. అందరూ సమానమైనప్పుడు ముందు ఎవరు లోపలికి వెళ్లాలి? ఎవరు వెళ్లినా సర్క్యులరు ఉల్లంఘనే. సంఘం యావత్తూ మెట్ల మీద నిలబడిపోయింది. చివరకు డైరెక్టరు గారు “నేను అందరికంటే ఆఖర్న వస్తాను” అని త్యాగం ప్రకటించారు. ఆయన లోపల లేకుండా లోపలికి అడుగుపెట్టే సాహసం ఎవరికుంది? ఎవరూ కదలకపోయేసరికి ఆఖరివాడిగా ఆయనే ముందు వెళ్లాల్సి వచ్చింది. ఆయన వెనక ఏఓ గారు దూరారు. మిగిలినవారికి గదిలో చోటు లేక మెట్ల మీదనుంచే తలలూపారు.

డైరెక్టరు గారు చల్లటి పెట్టె అద్దంలోంచి సీసాను తేరిపార చూశారు. “ఎక్కడమ్మా అసమానత? స్వచ్ఛంగా ఉందే!”

“కంటికి కనపడదండి. లోపల కొన్ని అణువులు కూటాలు కట్టి కూర్చున్నాయి.”

“ఏం చేస్తుంటాయి అవి?”

“ఏమీ చేయవండి. ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని, ఉన్నచోట ఉంటాయి.”

“మరి మిగతావి?”

“అవి తిరుగుతుంటాయండి. ద్రవం ఇంకా ద్రవంలా ఉందంటే వాటి పుణ్యమే. చల్లబడేకొద్దీ కూర్చున్నవాటి సంఖ్య పెరిగిపోతుంది. తిరిగేవాటికి దారి దొరకదు. ఆఖరికి మొత్తం బిగుసుకుపోతుంది. చూడ్డానికి మాత్రం తళతళలాడుతూ ఉంటుంది.”

మెట్ల మీద ఎవరో దగ్గారు. డైరెక్టరు గారు గాజమ్మ వైపు అనుమానంగా చూశారు.

“ఇది ఎవరి గురించమ్మా చెప్తున్నావు?”

“ద్రవం గురించేనండి!”

“అయితే సరే” అన్నారు కానీ ఆయన ముఖంలో ఆ సరే కనపడలేదు.

ఏఓ గారికి మాత్రం మెరుపులాంటి ఆలోచన వచ్చింది. “సార్, ఇంతోటి దానికి చర్చెందుకు? ఒక చెంచా తెప్పిస్తే నేనే కలిపేస్తాను. బాగా తిప్పితే అన్నీ సమానమైపోవూ!”

 ఒక్క చెంచా దింపితే చాలు, ఒక్క కుదుపు చాలు, తప్పించుకుని ఇంతదూరం వచ్చిన ద్రవం ఆ క్షణమే వరసలు కట్టి గడ్డ కట్టేస్తుంది. నెలల శ్రమ పోతుంది. గాజమ్మ పెట్టెకు అడ్డంగా నిలబడి “వద్దండీ! చెంచా వద్దు!” అని దాదాపు అరిచింది.

“అయితే సంతకం పెట్టండి” అన్నారు ఏఓ గారు జేబులోంచి కాగితం తీస్తూ. అది ముందే తయారై ఉంది. ‘ఈ ద్రవము నఖశిఖపర్యంతము సమానమనియు, ఇందలి ఏ అణువునకును మరియొక అణువునకును భేదము లేదనియు శాస్త్రీయముగా ధ్రువీకరించడమైనది.’

మెట్ల మీద క్యాంటీను చెంచా చేతులు మారుతూ కిందికి వస్తోంది. గాజమ్మ చెంచాను చూసింది, సీసాను చూసింది, సంతకం పెట్టింది. దాని పైన డైరెక్టరు గారు దృఢంగా తమది పెట్టారు. సంఘం ద్రవాన్ని అభినందించి, వచ్చినంత సమానంగా పైకి వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం గాజమ్మ ఇంటికొచ్చి, కాళ్లు కూడా కడుక్కోకుండా మంచం మీద కూలబడింది. తెలిసి తెలిసి అబద్ధానికి సంతకం పెట్టినందుకు ఆవిడకు సిగ్గుగా ఉంది, ఏడుపుగా ఉంది.

“సంతకమే కదమ్మా, ఆస్తేం రాసివ్వలేదుగా!” అంది అత్తగారు. “అయినా నీళ్లు నీళ్లలాగా ఉన్నాయంటే తప్పేముంది? పర్మినెంటు చేస్తామన్నారా లేదా అది చెప్పు.”

“చేస్తారేమో అత్తయ్యా.”

“అదిగో! ఏమో అనకు. వీధికి ఏమో అని చెప్పలేదు నేను.”

భర్త మాత్రం బ్రష్షులు కడుక్కుంటూ, “అన్ని అక్షరాల్లోకీ అ రాయడం కష్టం. తీసేయడం ఇంత తేలికని ఇవాళే తెలిసింది” అన్నాడు. ఆ మాటకు గాజమ్మకు ఇంకాస్త ఏడుపొచ్చింది.

డైరెక్టరు గారు ఆ ధ్రువపత్రాన్ని ఊరికే బీరువాలో పెట్టుకునే రకం కాదు. ‘మా సంస్థలో సమానత అణువుల దాకా పాకింది’ అని పై ఉత్తరం జతచేసి ప్రధాన కార్యాలయానికి పంపారు. జవాబు రాగానే అందర్నీ హాల్లోకి పిలిచి, ఏఓ గారి చేత మైకులో చదివించారు.

“‘మీ సంస్థ సాధించిన ప్రగతికి ప్రధాన కార్యాలయము పరమానందభరితమైనది!’”

చప్పట్లు మోగాయి. డైరెక్టరు గారు వినయంగా తల వంచుకున్నారు.

“‘సీసాలోని అణువులకే లేని భేదము సీసా బయటి ఉద్యోగులకు ఉండుట విడ్డూరము. కావున వచ్చే నెల నుండి మీ సంస్థలో శాశ్వతము, తాత్కాలికము అను భేదము రద్దు చేయడమైనది. అందరిదీ ఇకపై ఒకే వర్గము!’”

వెనక వరసలో గాజమ్మ ముందుకు వంగింది. పక్కనున్న తాత్కాలిక ఉద్యోగులు ఒకరి చేతులొకరు పట్టుకున్నారు. హాలు దద్దరిల్లేలా చప్పట్లు! ఏఓ గారు పేజీ తిప్పారు.

“‘ఆ వర్గము... తాత్కాలికము.’”

ముందు వరసలో చప్పట్లు సగంలోనే ఆగిపోయాయి. ఏఓ గారు కాగితం వెనక్కి తిప్పి చూశారు, ఇంకేమన్నా రాసి ఉందేమోనని. ఏమీ లేదు. డైరెక్టరు గారు తమ కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నారు. ఆయన ఇంట్లోంచి ఎవరో ఫోను చేసి “ఏమంటున్నారు పైవాళ్లు?” అని అడిగితే “మెచ్చుకున్నారు” అని పెట్టేశారట.

గంట తిరక్కుండా ఆయన ఏఓ గారిని వెంటబెట్టుకుని నేలమాళిగకు దిగివచ్చారు. ఈసారి తలుపు దగ్గర పేచీ ఏమీ రాలేదు.

“అమ్మా, మొన్న నువ్వేదో చెప్పావు చూడు. కూర్చునేవి, తిరిగేవి... చాలా బాగా చెప్పావు. మళ్లీ చెప్పు.”

“అందులో ‘అ’ తీసేయమన్నారు కదండీ!”

“ఎవరు తీయమన్నారు?” ఆయన గిర్రున ఏఓ గారి వైపు తిరిగారు. “ఎక్కడ పెట్టారయ్యా ఆ అక్షరాన్ని?”

“టైపు సెక్షనులో ఉండాలి సార్. పారేయలేదు.”

“తెప్పించండి! ఎక్కడెక్కడ తీశారో అక్కడక్కడా పెట్టించండి!” గాజమ్మ వైపు తిరిగేసరికి ఆయన గొంతులో తేనె కారింది. “సృష్టిలో అసమానత ఉందా లేదా తల్లీ?”

“సృష్టి సంగతి నాకు తెలీదండి. ఈ సీసాలో మాత్రం ఉంది.”

“సీసా సృష్టిలో లేదూ!”

గాజమ్మకు నవ్వొచ్చింది. “మరి నేను సంతకం పెట్టిన కాగితమో?”

“అది పాత కాగితం. శాస్త్రం ముందుకు వెళ్లొద్దూ? నువ్వు ఉన్నదున్నట్టు రాయి. దేనికీ జంకకు. నిజం రాయడానికి భయపడితే ఇక పరిశోధన ఎందుకు! ఆ రిపోర్టు పైకి వెళ్లిన మరుక్షణం నీ పర్మినెంటు సంగతి నేను చూసుకుంటాను. ఇది నా మాట.”

ఆయన నిజాన్ని ఎందుకు కావాలంటున్నారో గాజమ్మకు తెలియక కాదు. అయినా ఆవిడకు ప్రాణం లేచి వచ్చింది. అబద్ధం చెరిగిపోతోంది, అది చాలు. కూటాల గురించి, తిరిగే అణువుల గురించి, చల్లదనం గురించి, తను చూసినదంతా ఒక్క అక్షరం దాచకుండా రాసింది. ఎక్కడా ఎవరూ ఎర్ర సిరా పెట్టలేదు.

గేటు మీది బ్యానరును ఏం చేయాలన్న ప్రశ్న వచ్చింది. కొత్తది కుట్టించడం దండగని, గాజమ్మ భర్తనే పిలిపించి ‘సమానతా సంవత్సరం’ ముందు ఒక ‘అ’ రాయించారు. ఎడమవైపు గుడ్డలో చోటు లేకపోవడంతో ఆ అక్షరం గోడ మీద పడింది. డైరెక్టరు గారు దాని కింద నిలబడి, ప్రకృతిని ధిక్కరించే సమానత్వం ఎంత ప్రమాదకరమో తనకు మొదట్నుంచీ తెలుసని ఉపన్యసించారు. సర్క్యులరయ్య కళ్లు చెమర్చాయి.

ప్రధాన కార్యాలయం మళ్లీ జవాబు రాసింది. మళ్లీ అందరూ హాల్లో చేరారు. ఈసారి గాజమ్మకు సన్మానం కూడా ఉందన్నారు. ఆవిణ్ని వేదిక మీద కూర్చోబెట్టారు. అత్తగారు ముందురోజే వీధికి మరోసారి చెప్పి వచ్చింది.

డైరెక్టరు గారు తామే మైకు అందుకున్నారు.

“‘మీరు పంపిన శాస్త్రీయ నివేదిక మా కళ్లు తెరిపించినది. కూర్చున్నవి కూర్చునియుండుట, తిరుగునవి తిరుగుచుండుట ద్రవధర్మమని నిరూపితమైనది. కావున వెనుకటి ఉత్తరువు రద్దు. శాశ్వతోద్యోగులు యథాస్థానములలో కదలక కూర్చుండవలెను.’”

ముందు వరస లేచి నిలబడి చప్పట్లు కొట్టి, ఉత్తరువు ప్రకారం మళ్లీ కూర్చుంది.

“‘ఇక తాత్కాలికుల విషయము. తిరిగే అణువులు కూడా కూటములలో చేరి కూర్చున్నచో ద్రవము బిగుసుకొనిపోవునని నివేదికయే హెచ్చరించుచున్నది. అట్టి ప్రమాదము సంస్థకు రానీయరాదు. కావున తాత్కాలికులను ఎన్నడును శాశ్వతము చేయరాదు. వారిని శాశ్వతముగా తాత్కాలికులుగా ఉంచవలెను!’”

హాలు వెనక భాగంలో ఎవరూ కదల్లేదు. గాజమ్మకు ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక కళ్లు మండాయి. అబద్ధం చెప్పినప్పుడు సిగ్గుపడింది; నిజం చెప్పినందుకు ఇప్పుడు వేదిక మీద అందరి ముందూ కూర్చుని ఉంది.

డైరెక్టరు గారు చిరునవ్వుతో ఆవిడ వైపు తిరిగారు. “చూశావామ్మా నీ పరిశోధన ఎంత గొప్పదో! నువ్వు పర్మినెంటు కాకూడదని నువ్వే శాస్త్రీయంగా నిరూపించావు. ఇంత నిజాయితీ ఈ రోజుల్లో ఎవరికుంది చెప్పు!”

“మీరు నాకు మాటిచ్చారు” అంది గాజమ్మ. మైకు దగ్గరగా ఉండటం వల్ల అందరికీ వినపడింది.

“ఇచ్చాను. కాదనట్లేదు. శాశ్వతం చేస్తానన్నాను, చేశారుగా! శాశ్వత తాత్కాలిక ఉద్యోగివి. ఇలాంటి నియామకం దేశంలోనే మొదటిది.” ఆయన ప్రశంసాపత్రం ఆవిడ చేతిలో పెట్టారు. తర్వాత మైకుకు చేయి అడ్డం పెట్టి, కొంచెం వంగి, గొంతు తగ్గించి అడిగారు. “అది సరే కానీ అమ్మా, ఆ కూర్చున్న కూటాలున్నాయి చూడు, అవి... ఎప్పటికైనా కదులుతాయంటావా?”

గాజమ్మ ఆయన ముఖం చూసింది. జవాబు చెప్పేముందు కాస్త ఆలోచించింది. 

“కదులుతాయండి. చల్లగా ఉంచితే మన మనవల కాలానికి కూడా కదలకపోవచ్చు. కాస్త వేడి తగిలిందంటే మాత్రం పట్టు సడలిపోతుంది. ఏ కూటమూ మిగలదు. ఇది కూడా శాస్త్రమేనండి.”

డైరెక్టరు గారి నుదుటి మీద చెమట పట్టింది. ఆ చెమటను తడిమి చూసుకుని ఆయన మరింత కంగారుపడ్డారు.

“ఏఓ గారూ! ఏసీ పెంచండి! ఆ కిటికీలు మూయించండి, త్వరగా!”

కిటికీలు తీయడం, మూయడం శాశ్వతంగా తాత్కాలికుల పనే. వెనక వరసలవాళ్లు ఏం చేయాలో తెలియక వేదిక వైపు చూశారు. గాజమ్మ ప్రశంసాపత్రాన్ని కుర్చీలో వదిలి, మెట్లు దిగి, నేరుగా ముందు వరస పక్కనున్న పెద్ద కిటికీ దగ్గరకు వెళ్లింది. వెళ్లి, సగం మాత్రమే తెరిచి ఉన్న రెక్కలను రెండు చేతులతో పూర్తిగా తోసేసింది. మిట్టమధ్యాహ్నపు ఎండ భళ్లున వచ్చి కూర్చున్నవాళ్ల మీద పడింది.